దగ్గని దొంగ

పోయిన వారం మీరు పత్రిక మడిచి పక్కన పెట్టేసి మీ పనుల్లో పడ్డారు. నేను మాత్రం దుర్గాప్రసాద్ గారి ఆఫీసు గదిలో ప్లాస్టిక్ కుర్చీ అంచున అలాగే కూర్చుని ఉన్నాను. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పి ముందుకెళతాను.

నా పేరు మాధురి. గుంటూరు బ్రాడీపేటలో నేనూ, మా ఆయన శ్రీకృష్ణా కలిసి ఒక కంప్యూటర్ గేమ్స్ సెంటర్ నడుపుతున్నాం. అతను చీరాల నేతవాళ్ళ అబ్బాయి. మా నాన్నకి ఇష్టం లేకుండా చేసుకున్నాను. పైగా మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తానని ఆయనకి ఇంకో కోపం. దుర్గాప్రసాద్ గారిది ఊరి చివర మిరప విత్తనాల కంపెనీ. వినుకొండ రైతుల పొలాల్లో ఏళ్ళ తరబడి పెంచి, ఏరి, ఒక కొత్త రకానికి తల్లి విత్తనం తయారుచేసుకున్నారు. దాన్ని కాయలతోనే ఒక గోతంలో కట్టి గోడౌన్‌లో దాచారు. ఈ వానలకి నారు పొయ్యాలి. ఆ గోతం పట్టపగలు, కూలీలు అన్నాలకి వెళ్ళిన వేళ మాయమైంది.

గోడౌన్‌లో కెమెరా బిగించింది శ్రీకృష్ణే. ఆ కెమెరాకి చిక్కిన దొంగ ఒంటి మీద ఉన్నది శ్రీకృష్ణ బూడిదరంగు రెయిన్‌కోటు. మా షాపులో తలుపు వెనక మేకుకి తగిలించి ఉండే ఆ కోటు, కారం దుమ్ముతో ఎర్రగా, మా స్కూటర్ డిక్కీలో దొరికింది. దొరికింది నాకే. అక్కడికి ఎలా వచ్చిందని అడిగితే మా ఆయన నేల చూపులు చూశాడు తప్ప నోరు విప్పలేదు.

“సాయంత్రం టీ వేళకి ఎస్సై గారొస్తారు. ఈలోగా ఒప్పుకుంటే మనలో మనం సర్దుకుందాం. లేకపోతే తీసుకెళ్ళి లోపలేస్తారు” అన్నారు దుర్గాప్రసాద్ గారు. మనం ఆగింది అక్కడ.

ఆయన సొరుగు లాగి ఒక పత్రిక తీసి బల్ల మీద పడేశారు. నాకు బాగా తెలిసిన కంప్యూటర్ మాసపత్రిక అది. పేజీ మడతపెట్టి, ఎర్ర పెన్నుతో గీతలు కొట్టి ఉంది. ప్రతి నెలా ఒక గేమ్ మంచిచెడ్డలు చెప్పే ‘బలం – బలహీనం’ శీర్షిక. ఆ నెల గేమ్ పేరు ‘గ్రే లాంతర్’. బూడిదరంగు కోటు వేసుకున్న ఒక మాజీ గూఢచారి, ఎవరి కంటా పడకుండా కోటల్లోకీ గిడ్డంగుల్లోకీ దూరే గేమ్. చూడ్డానికి అచ్చం సినిమాలా ఉంటుంది. వ్యాసం కింద పేరు, కె. శ్రీకృష్ణ.

“నువ్వు చదువుతావా అబ్బాయ్, నన్ను చదవమంటావా?” అన్నారు దుర్గాప్రసాద్ గారు.

గోడకి ఆనుకుని నిలబడ్డ శ్రీకృష్ణ పత్రిక వంక చూసి తల దించుకున్నాడు. కిటికీ దగ్గర బెంచీ మీద మా నాన్న బాపయ్య కూర్చుని ఉన్నాడు. కుడి చెవి మందం కావడంతో ఎడమ చెవి మా వైపు తిప్పి వింటున్నాడు. మా నాన్న మిర్చి యార్డులో కాయ గ్రేడింగు చేస్తూ జీవితం గడిపి ఈమధ్యే మానుకున్నాడు. దుర్గాప్రసాద్ గారు బాబాయ్ అని పిలుస్తారు, సరుకు చూసిపెట్టమని ఇప్పటికీ కబురు పెడతారు. దొంగతనం జరిగిన రోజు నాన్న ఊళ్ళో లేడు, అద్దంకిలో బంధువుల గృహప్రవేశానికి వెళ్ళాడు. తిరిగొచ్చి సంగతి విన్న దగ్గర్నుంచీ అల్లుడి పక్కనుంచి కదలడం లేదు. పెళ్ళికి రాని మనిషి ఇప్పుడిలా అండగా నిలబడ్డాడే అని నాకు లోలోపల ఎంత సంతోషంగా ఉందో.

దుర్గాప్రసాద్ గారు కళ్ళజోడు సవరించుకుని మొదలుపెట్టారు. “‘ఈ గేమ్‌కి మొదటి బలం నీడ. హీరోకి తుపాకీ కంటే గోడ నీడే ఎక్కువ ఉపయోగం. దీపం కిందికి వెళ్ళారా, పట్టుబడ్డారు. గోడవారగా నడిచారా, పక్కనుంచి పోయినా కాపలావాడు చూడడు.’”

ఆగి, కంప్యూటర్‌లో ఆ రోజు రికార్డింగు పెట్టారు. బొమ్మ మసక మసగ్గా ఉంది. టోపీ కళ్ళ మీదికి లాక్కున్న కోటు మనిషి గొంతుక్కూర్చుని, ఆ కూర్చోవడం కూర్చోవడమే బస్తాల వరసల మధ్య గోడవారగా పాకుతున్నట్టు ముందుకు జరుగుతున్నాడు.

“‘రెండో బలం చప్పుడు. కంకర మీద అడుగు ఒకలా, తివాచీ మీద ఒకలా వినిపిస్తుంది. కాపలావాడు దగ్గరికొస్తుంటే సంగీతం గుండె దడలా పెరుగుతుంది. ఒక నాణెం విసిరితే చాలు, వాడు అటు వెళతాడు. ఆ సందులో మన పని మనం చూసుకోవచ్చు.’ ఇప్పుడు చూడండి మన పని.”

తెర మీద కోటు మనిషి చెయ్యి విసిరాడు. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న వాచ్‌మన్ నాగూర్ వలి ఉలిక్కిపడి లేచి షెడ్డు వెనక్కి పోయాడు. కోటు మనిషి గోతం భుజాన వేసుకుని దర్జాగా ఆ గుమ్మంలోంచే బయటికి నడిచాడు.

అసలు నాగూర్ వలి అప్పుడు మా వెనకే నిలబడి ఉన్నాడు. మొహం కందగడ్డ చేసుకున్నాడు. “రేకు మీద రాయి పడితే చూడకుండా ఎట్టా ఉంటానండీ? కోతులొస్తాయి గదా! నన్ను ఆటలో బొమ్మని చేసి కూర్చోబెట్టారు.”

“విన్నావుగా అబ్బాయ్,” అన్నారు దుర్గాప్రసాద్ గారు. “దొంగతనం ఎలా చెయ్యాలో రాశావు, అచ్చేయించావు, చేసి చూపించావు. ఇంకేం సాక్ష్యం కావాలి?”

“రాసింది ఆయన కాదండీ. నేను” అన్నాను.

మా నాన్న కూడా తల తిప్పి నా వంక చూశాడు. ఆయనకీ తెలియదు. ఆడవాళ్ళు వంటల పేజీకి తప్ప దేనికీ పనికిరారని మా ఎడిటర్ గారి గట్టి నమ్మకం. అందుకని మొగుడి పేరు అరువు తెచ్చుకుని రాస్తున్నాను.

“అయితే నేర్పింది నువ్వూ, చేసింది అతనూ. మొగుడూ పెళ్ళాల కంపెనీ!” అన్నారు దుర్గాప్రసాద్ గారు.

నాకు ఒళ్ళు మండింది. “మీరు సగమే చదివారండీ. బలాలు చదివి బలహీనతలు వదిలేస్తారేం? ఇటివ్వండి.”

“నాకెందుకమ్మా అవన్నీ?”

“మీకక్కర్లేకపోతే పోనీయండి. ఆయన పేరున్న కాగితం కాబట్టి పూర్తిగా వినాల్సిందే” అని పత్రిక లాక్కుని గడగడా చదివాను. “‘మొదటి బలహీనత, అతి సినిమా. మనం ఒళ్ళు దగ్గర పెట్టుకుని అంత దూరం వస్తాం. అప్పుడు సినిమా మొదలవుతుంది. మన చేతిలో ఒక్క మీట పనిచెయ్యదు. మనం అంత జాగ్రత్తగా తెచ్చిన హీరో తనంతట తనే పోయి శత్రువు చేతిలో పడతాడు. కష్టం మనది, ఓటమి వాళ్ళ కథది. రెండు, కాపలావాళ్ళ మతిమరుపు. పక్కన తోడుగా ఉన్నవాడు మాయమైనా కాసేపు వెతికి, ఏమీ లేదులే అనుకుని పోయి నిలబడతారు. మూడు, చివరి అంకంలో దాగుడుమూతలు గాలికొదిలేసి ఉత్త కాల్పులు. నాలుగు, హీరోకి ఒళ్ళు లేదు. చెమట పట్టదు, తుమ్ము రాదు, పొలమారదు. బొగ్గుల కొట్లో దాక్కుని వచ్చినా దులుపుకోడు.’”

“ఆ కాపలావాళ్ళకిచ్చే జీతం దండగ” అన్నాడు మా నాన్న నవ్వు మొహంతో. యార్డు పని మానుకున్న దగ్గర్నుంచీ మధ్యాహ్నాలు మా షాపులో అల్లుడి వెనక కుర్చీలో కూర్చుని ఆ గేమ్ చూస్తూ ఎప్పుడూ అనే మాటే అది. బిగుసుకుపోయిన గదిలో ఆ ఒక్క మాటకి నాకు ఊపిరాడినట్టయింది.

దుర్గాప్రసాద్ గారు నవ్వలేదు. “ఈ పురాణం ఎస్సై గారికి వినిపించు. అబ్బాయ్, ఇదుగో కోటు. తొడుక్కుని ఆ వరసలోనే నడువు. అక్కడున్న ఇంకో గోతం మూతి విప్పి, ఆ దొంగ ఎలా కాయలు తీసి చూశాడో అలా చూడు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తా. కోటు మార్చొచ్చు గానీ నడక మార్చలేవుగా.”

శ్రీకృష్ణ కోటు అందుకున్నాడు. నేనెందుకు తొడుక్కోవాలి అని ఒక్క మాట అడగొచ్చు కదా? అడగలేదు. చెప్పేస్తున్నాను, ఆ క్షణంలో నాకు కూడా అతని మీద నమ్మకం పోయింది. తప్పు చెయ్యనివాడు ఇంత నోరు కట్టుకుని ఉంటాడా? ఈ మౌనం ఏమిటి? నాతో కూడానా?

“అల్లుడు గారూ, ముక్కుకి గుడ్డ కట్టుకుని వెళ్ళండి” అన్నాడు మా నాన్న తన తువ్వాలు తీసిస్తూ.

“వద్దు బాబాయ్,” దుర్గాప్రసాద్ గారు చెయ్యి అడ్డం పెట్టారు. “ఆ దొంగ కట్టుకోలేదు. గోతం విప్పేటప్పుడు గడ్డమూ మెడా కనిపిస్తున్నాయి చూడు, గుడ్డ పోగు లేదు. ఇతనికి మాత్రం ఎందుకు?”

మా నాన్న తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

తెరని రెండుగా చీల్చారు. ఎడమవైపు ఆ రోజు రికార్డింగు, కుడివైపు ఇప్పటి గోడౌన్. శ్రీకృష్ణ వరసల మధ్యకి వెళ్ళాడు. దొంగ గొంతుక్కూర్చుని జరిగాడు. మా ఆయన హీరోలా నడుము వంచి నడుస్తున్నాడు. నిజానికి అతను గొంతుక్కూర్చుంటే లేవడానికి గోడ కావాలి. నేను ఆ తేడా చూపించబోయేలోపే గోతం దగ్గరికి చేరాడు. తాడు విప్పాడు. లోపలికి చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు పైకి తీశాడు.

ముందు ఒక తుమ్ము. వెంటనే ఇంకోటి. తర్వాత పొలమారింది. కెమెరాకి చప్పుడు రాదు కానీ గోడౌన్ తలుపులోంచి ఆ దగ్గు మా దాకా వినిపించింది. రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు, కారం చేతులు! ఇంకేముంది, కళ్ళు మూసుకుని బస్తాల మీదికి కూలబడ్డాడు.

“అయ్యో, అయ్యో” అంటూ మా నాన్న లేచి గోడౌన్ వైపు పరుగు తీశాడు. నాగూర్ వలి మూలనున్న కుండ దగ్గరికి ఉరికాడు.

“నటన” అన్నారు దుర్గాప్రసాద్ గారు, కానీ గొంతులో ఇందాకటి బలం లేదు.

“దగ్గు నటించొచ్చండీ. చీమిడి నటించడం ఎవరి తరం?” అని నాగూర్ వలి నీళ్ళ చెంబు నాన్నకి అందించడానికి పరిగెత్తాడు.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఇంట్లో తాలింపులో ఎండు మిరపకాయ వేస్తే వీధిలోకి పారిపోయే మనిషి అతను. పెళ్ళైన కొత్తలో మా వీధి వీధంతా నవ్వింది. చీరాలలో మగ్గాల మధ్య పెరిగినవాడికి గుంటూరు ఘాటు ఇప్పటికీ పడదు. కట్టుకున్నదాన్ని, అది నాకు తట్టొద్దూ? అనుమానం కళ్ళకి గంతలు కడుతుందని ఊరికే అనలేదు. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

“దుర్గాప్రసాద్ గారూ, ఎడమవైపు బొమ్మ మళ్ళీ వెయ్యండి. వద్దు, నేనే వేస్తాను” అని మౌసు లాక్కున్నాను.

ఆ రోజు దొంగ గోతం మూతి విప్పాడు. మొహం దాదాపు లోపల పెట్టాడు. తీరిగ్గా కాయలు కెలికాడు. ఎడమ చెయ్యి తల దాకా ఎత్తి కోటు టోపీ సర్దుకున్నాడు. మళ్ళీ కెలికాడు. ఆ భుజాలు ఒక్కసారి కూడా అదరలేదు.

“చూశారా? హీరోకి ఒళ్ళు లేదని రాశానే, ఇతనికీ లేదు. తుమ్మడు, దగ్గడు. గేమ్‌లో బొమ్మకి అది చెల్లుతుంది. మీ గోడౌన్‌లో మనిషికి ఎలా చెల్లింది?”

దుర్గాప్రసాద్ గారు తెరకి మొహం ఆనించి మళ్ళీ వేయించుకుని చూశారు. మెల్లగా కుర్చీలో కూలబడ్డారు. “మా నాన్న మిరప పండించాడు, నేను మిరప అమ్ముతున్నాను. అయినా లోపలికి పోతే నేనే దగ్గుతాను. మా కూలీలు గుడ్డ లేకుండా గుమ్మం దాటరు. ఘాటు సోకనివాడంటే...”

“యార్డులో పుట్టి యార్డులో పండిపోయినవాడై ఉండాలి,” నేనే అందుకున్నాను. “ఆ కూర్చునే తీరు చూడండి. రాశుల మధ్య రోజంతా గొంతుక్కూర్చుని పనిచేసినవాడికే వస్తుంది. మా ఆయన్ని వదిలేసి, ఆ దగ్గనివాడెవడో పట్టుకోండి.”

ఎంత గర్వంగా అన్నానో! పరీక్షలో క్లాసు ఫస్టు వచ్చినదానిలా అన్నాను.

“తప్పయిపోయిందమ్మా,” అన్నారాయన. “కళ్ళ ముందు కోటు కనబడేసరికి ఇంకేమీ కనబడలేదు. అబ్బాయికి నేనే క్షమాపణ చెప్పుకుంటా.” గేటు దగ్గర జీపు ఆగిన చప్పుడైంది. ఆయన ఎస్సై గారికి ఎదురెళ్ళడానికి గబగబా బయటికి నడిచారు.

గదిలో నేనొక్కదాన్నే మిగిలాను. కళ్ళు తుడుచుకుని మా ఆయన ఎలా ఉన్నాడో అని కుడివైపు బొమ్మ చూశాను.

మా నాన్న అల్లుడి వీపు నిమురుతూ నీళ్ళు తాగిస్తున్నాడు. నాగూర్ వలి తువ్వాలు ముక్కుకి చుట్టుకుని కూడా వంగి వంగి దగ్గుతున్నాడు. మా నాన్న తువ్వాలు భుజం మీదే ఉంది. మొహానికి గుడ్డ లేదు. మూతి విప్పిన గోతం మోకాలికి తగులుతోంది. ఆయన భుజాలు నిశ్చలంగా ఉన్నాయి. అది నాకు వింతగా అనిపించలేదు, చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. మా నాన్నకి ఘాటు సోకదు.

శ్రీకృష్ణ కాస్త తేరుకున్నాక మా నాన్న గోతం పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఊరికే కూర్చోలేక, అలవాటు చొప్పున ఒక కాయ తీశాడు. ఎడమ చేత్తో ఎడమ చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు. బాగా ఎండిన కాయలో గింజ గలగలమంటుంది. ఆ చప్పుడు విని సరుకు తేల్చడం ఆయన తరం వాళ్ళ పద్ధతి. విని, తల ఊపి, కాయ మళ్ళీ గోతంలో పడేశాడు. ఆ పని చేసినట్టు ఆయనకే తెలిసి ఉండదు.

ఎడమవైపు బొమ్మ అలాగే ఆగి ఉంది. కోటు మనిషి ఎడమ చెయ్యి ఎత్తి ఉంది. టోపీ సర్దుకుంటున్నాడని అనుకున్నాం కదూ? ఆ చెయ్యి టోపీ మీద లేదు. చెవి దగ్గర ఉంది. వేళ్ళ మధ్య ఏదో సన్నగా, ఎర్రగా ఉంది.

అద్దంకి గుర్తొచ్చింది. ఏ గృహప్రవేశానికి వెళ్ళొచ్చినా పేర్లు చెక్కిన స్టీలు గిన్నె తెచ్చి నా చేతిలో పెడతాడు మా నాన్న. మా వంటింటి అరలో ఒకదాని మీద ఒకటి అన్నీ అవే. మొన్న ఉత్త చేతులతో వచ్చాడు. నేను అడగలేదు.

తెర మీద కదలిక. శ్రీకృష్ణ కూడా మా నాన్న చేతినే చూస్తున్నాడు. అతని మొహంలో ఆశ్చర్యం లేదు. ఎర్రబడ్డ కళ్ళు మెల్లగా పైకెత్తి సరిగ్గా కెమెరాలోకి, అంటే నాలోకి చూశాడు. వద్దన్నట్టు తల అడ్డంగా ఆడించాడు.

అతనికి ముందే తెలుసు. ఆ రికార్డింగు బయటికి తీసి మొదట చూసింది అతనే. డిక్కీలో కోటు దాచింది అందుకు. నేల చూపులు అందుకు. నేను అనుమానించినన్నాళ్ళూ అతను మా నాన్నని కాస్తూ నోరు మూసుకున్నాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆ పెద్దమనిషి అల్లుడి కోటు తొడుక్కుని ఇంత పని ఎందుకు చేశాడు? ఎవరి కోసం చేశాడు? ఇన్ని రోజులూ అల్లుడి పక్కనుంచి కదలకపోవడం ప్రేమేనా?

వరండాలో బూట్ల చప్పుడు దగ్గరపడింది. మౌసు బాణాన్ని రికార్డింగు మీదికి తెచ్చాను. చెరిపేస్తే మా ఆయన్ని విడిపించే సాక్ష్యం పోతుంది. చూపిస్తే మా నాన్న చెయ్యి అందరూ చూస్తారు. సినిమా మొదలైతే ఒక్క మీట పనిచెయ్యదని ఆ గేమ్‌ని తిట్టి రాశాను. ఇక్కడ అన్నీ పనిచేస్తున్నాయి, నా వేలే పనిచెయ్యడం లేదు.

“రండి ఎస్సై గారూ, కేసు మలుపు తిరిగింది,” దుర్గాప్రసాద్ గారు ఉత్సాహంగా లోపలికొచ్చారు. “మా బాబాయ్ కూతురు పట్టేసింది. అమ్మాయ్, అది మళ్ళీ మొదట్నుంచి వెయ్యి. దగ్గరగా, పెద్దది చేసి చూపించు.”

ఆయన వెనకే మా నాన్న వచ్చాడు. చేతికంటిన ఎర్ర దుమ్ము తువ్వాలుకి తుడుచుకుంటూ వచ్చి, నా పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కళ్ళలో ఒక్క చుక్క నీరు లేదు. ఎడమ చెవి నా వైపు తిప్పి, చిన్నప్పుడు జడ వేసేటప్పుడు పిలిచినంత మెత్తగా అన్నాడు.

“వెయ్యి తల్లీ. ఆ దొంగెవడో నేనూ చూడాలిగా.”